అభిమన్యుడి నోటుబుక్కులు

కిందటి థాంక్స్‌గివింగ్ సెలవులకి మా చిన్నాన్నగారి అమ్మాయి కుటుంబంతో సహా మా ఇంటికి వచ్చింది. భోజనాలయ్యాక పిల్లలంతా బేస్‌మెంటులోకి దిగిపోయారు. పెద్దవాళ్ళం సోఫాల్లో కూలబడి, తపన్ సిన్హా 1990లో తీసిన ‘ఏక్ డాక్టర్ కీ మౌత్’ అనే హిందీ సినిమా పెట్టుకున్నాం. నేను ఇంజనీరింగు చదివే రోజుల్లో హాస్టల్ టీవీ గదిలో, దూరదర్శన్‌లో చూసిన సినిమా అది. ఆ రాత్రి మాకెవరికీ నిద్ర పట్టలేదు. “తెలివైనవాడికి ఈ దేశంలో చోటు లేదురా” అని తెల్లవారేదాకా చర్చించుకుని, ఆ తరువాత జీఆర్‌ఈ పుస్తకాలు తెరిచినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

సినిమా చివర కథానాయకుడికి విదేశం నుంచి ఆహ్వానం వస్తుంది. ఎక్కడ పనిచేసినా మనుషుల మేలు కోసమే కదా అని అతను వెళ్ళడానికి ఒప్పుకుంటాడు. అంతసేపూ బిగబట్టుకున్న మా ఆవిడ “అమ్మయ్య” అంది. నాకూ అలాగే అనిపించింది. అలా బయలుదేరి వచ్చినవాళ్ళమే కదా మనమంతా! సినిమా మన ప్రయాణానికి కూడా ఒక ముద్ర వేసినట్టుంటుంది.

మా చెల్లెలు మాత్రం ఏమీ అనలేదు. ఆమె జీవశాస్త్రంలో పరిశోధన చేస్తుంది. కాసేపటికి అడిగింది: “అతను వెళ్తున్నాడు, సరే అన్నయ్యా. అతని నోటుబుక్కులు ఎవరి దగ్గర ఉన్నాయి?”

ఆ ప్రశ్న దగ్గర నుంచే ఈ వ్యాసం మొదలయింది. ఇరవై ఏళ్ళకు పైగా నాకు ఎంతో ఇష్టమైన సినిమాని నేను సగమే చూశానని ఆ రాత్రి అర్థమయింది.

ముందుగా కథ, క్లుప్తంగా. దీపాంకర్ రాయ్ (పంకజ్ కపూర్) ప్రభుత్వాసుపత్రిలో చిన్న డాక్టరు. ఏళ్ళ తరబడి సంసారాన్ని పక్కనబెట్టి, కుష్ఠువ్యాధికి టీకా కనిపెడతాడు. వార్త టీవీలో వస్తుంది. పైవాళ్ళకి చెప్పకుండా పత్రికలకి ఎలా చెప్పావని ఆరోగ్యశాఖ నిలదీస్తుంది. తోటి డాక్టర్లు ఉపన్యాసానికని పిలిచి అవమానిస్తారు. విదేశీ సంస్థ రాసిన ఉత్తరాన్ని తొక్కిపెడతారు. మారుమూల పల్లెకి బదిలీ చేస్తారు. చివరికి అదే టీకాకి ఇద్దరు అమెరికన్ శాస్త్రజ్ఞులకి పేరు వస్తుంది. అతని పక్షాన నిలిచింది భార్య సీమ (షబానా ఆజ్మీ), ఒక పెద్ద డాక్టరు, అమూల్య అనే కుర్ర విలేకరి, అంతే. ఆ విలేకరి వేషం వేసింది అప్పటికి జనానికి అంతగా తెలియని ఇర్ఫాన్ ఖాన్. ఆ ఏడాది జాతీయ అవార్డుల్లో ఇది రెండవ ఉత్తమ చిత్రం. సిన్హాకి ఉత్తమ దర్శకుడి బహుమతి, పంకజ్ కపూర్‌కి జ్యూరీ ప్రత్యేక బహుమతి వచ్చాయి.

వాటికి తగిన సినిమాయే. శాస్త్రజ్ఞుణ్ణి తెర మీద చూపించాలంటే మనవాళ్ళకి తెల్లకోటు, రంగురంగుల గాజుగొట్టాలు తప్ప మరొకటి తోచదు. ఇక్కడ అలా కాదు. దీపాంకర్ చిరాకు మనిషి. తన పని తప్ప మరో ధ్యాస లేనివాడు. అతనితో కాపురం చెయ్యడం ఎంత కష్టమో షబానా ముఖంలో తెలుస్తుంది. అతన్ని దేవుణ్ణి చెయ్యకుండానే మనల్ని అతని వైపు నిలబెట్టాడు దర్శకుడు. ఇది తేలికైన పని కాదు.

ఐనా ఈసారి చూసినప్పుడు మూడు చోట్ల నాకు సినిమాతో పేచీ వచ్చింది. అవి చెప్పాలంటే ఈ కథకి ఆధారమైన అసలు మనిషి సంగతి చెప్పాలి.

సినిమాకి మూలం రమాపద చౌధురి బెంగాలీ నవల ‘అభిమన్యు’. ఆ నవలకి ప్రేరణ డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ జీవితం. 1931లో పుట్టాడు. ప్రత్యుత్పత్తి, హార్మోనుల శాస్త్రాల్లో కలకత్తాలో ఒకటి, ఎడిన్‌బరోలో ఒకటి, రెండు డాక్టరేట్లు చేసి తిరిగి కలకత్తా వచ్చాడు. గమనించండి, ఇతను వెళ్ళిపోయినవాడు కాదు, వెళ్ళి తిరిగి వచ్చినవాడు.

ప్రపంచంలో మొదటి టెస్ట్‌ట్యూబ్ బేబీ లూయీ బ్రౌన్ 1978 జులై 25న ఇంగ్లండులో పుట్టింది. సరిగ్గా పది వారాలకి, అక్టోబరు 3న, కలకత్తాలో ఒక ఆడపిల్ల పుట్టింది. లోకానికి ఆ పాపని ‘దుర్గ’ అనే పేరుతో పరిచయం చేశారు. ముఖోపాధ్యాయ, శీతలీకరణ తెలిసిన సునీత్ ముఖర్జీ, స్త్రీవైద్య నిపుణుడు సరోజ్‌కాంతి భట్టాచార్య కలిసి చేసిన పని అది. ఇంగ్లండు వాళ్ళ పద్ధతికి అది నకలు కాదు. వాళ్ళు సహజంగా విడుదలయ్యే ఒక్క అండం మీద ఆధారపడ్డారు. ఇక్కడ హార్మోన్లిచ్చి ఒకటి కంటే ఎక్కువ అండాలు తయారయ్యేట్టు చేశారు. పిండాన్ని గడ్డకట్టించి దాచి, తరువాత కరిగించి గర్భంలో పెట్టారు. ఈ రోజు ఏ ఊళ్ళో ఏ సంతాన సాఫల్య కేంద్రానికి వెళ్ళినా ఈ రెండూ మామూలు విషయాలు.

అదే ఏడాది నవంబరులో పశ్చిమబెంగాల్ ప్రభుత్వం విచారణ సంఘాన్ని వేసింది. ఆ సంఘం అతని మాట నమ్మలేదు. జపాన్‌లో తన పని గురించి చెప్పడానికి ఆహ్వానం వస్తే వెళ్ళనివ్వలేదు. గుండెపోటు వచ్చింది. 1981 జూన్‌లో కలకత్తాలోని ప్రాంతీయ నేత్రవైద్య సంస్థకి, ఎలక్ట్రోఫిజియాలజీ విభాగానికి ప్రొఫెసరుగా బదిలీ చేశారు. కాగితం మీద చూస్తే ఇందులో తప్పేమీ కనిపించదు. హోదా ప్రొఫెసరుదే, ఊరు కలకత్తాయే. కానీ హార్మోనుల మనిషిని కళ్ళ ఆసుపత్రిలో కూర్చోబెట్టారు. ఆ నెల 19న అతను తన ప్రాణం తానే తీసుకున్నాడు. యాభై ఏళ్ళ వయసు.

ఇక నా పేచీలు.

మొదటిది జబ్బుని మార్చడం. సంతానం లేనితనాన్ని తీసేసి కుష్ఠువ్యాధిని పెట్టారు. నిజజీవితాన్ని మరుగుపరచడానికి అది అవసరమే కావచ్చు. కానీ దానితో కథలోని చిక్కుముడి సడలిపోయింది. కుష్ఠువుకి టీకా వద్దని ఎవరంటారు? ముఖోపాధ్యాయకి వచ్చిన చిక్కు వేరు. అతని దగ్గరున్న అతి పెద్ద రుజువు ఒక పసిపాప. ఆ తల్లిదండ్రులకి లోకం ముందుకి రావడం ఇష్టం లేదు. ఆ రోజుల్లో మన సమాజం ఎలాంటి మాటలనేదో వేరే చెప్పక్కరలేదు. అచ్చులో చూపించడానికి ఒక భారతీయ క్రయోజెనిక్స్ పత్రికలో వేసిన చిన్న వ్యాసం తప్ప పెద్దగా ఏమీ లేదు. అంచేత అనుమానపడ్డవాళ్ళందరూ దుర్మార్గులు అనలేం. అనుమానించడం శాస్త్రంలో భాగమే. అనుమానం వస్తే ఏం చెయ్యాలి? “మళ్ళీ చేసి చూపించు, కావలసిన గది మేమిస్తాం” అనాలి. ఆ గదికి దూరం చేశారు. అసలు అన్యాయం అక్కడుంది. సినిమా ఈ సున్నితమైన తేడాని వదిలేసింది.

ఇంగ్లండులో ఎడ్వర్డ్స్, స్టెప్టోలకి మాత్రం పూలబాట పరిచారా? 1971లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి వాళ్ళకి నిధులు నిరాకరించింది. ఐనా ఓల్డ్‌హామ్ అనే చిన్న ఊరి ఆసుపత్రిలో పని ఆగకుండా సాగింది. డబ్బు ఇవ్వమన్నారే గాని, ఎవరూ వాళ్ళని పట్టుకెళ్ళి కళ్ళ విభాగంలో కూర్చోబెట్టలేదు. ఎడ్వర్డ్స్‌కి 2010లో నోబెల్ బహుమతి వచ్చింది.

రెండో పేచీ విలన్ల గురించి. సినిమా చూసి లేచినవాడికి గుర్తుండేది అసూయపరులైన ఆ డాక్టర్ల ముఖాలు. వాళ్ళ మీద కోపం తెచ్చుకుని మనం హాయిగా ఇంటికి వెళ్ళిపోవచ్చు. నా దృష్టిలో ఆ కథలో అందరికన్నా బలమైన పాత్ర బదిలీ ఉత్తర్వు. దానికి ముఖం ఉండదు. ఎవరో గుమాస్తా టైపు చేస్తాడు, మరెవరో సంతకం పెడతారు. వాళ్ళకి ఆ డాక్టరు మీద పగ ఉండనక్కరలేదు, అతని పని ఏమిటో తెలియనక్కరలేదు. మనిషిని ఒక కుర్చీలోంచి తీసి ఇంకో కుర్చీలో పెడతారు. అతని పని ఆ పాత కుర్చీకి, ఆ బల్లకి, ఆ ఫ్రిజ్జుకి అంటుకుని ఉంటుందని ఆ కాగితానికి తెలియదు.

నవలకి రచయిత పెట్టిన పేరు నాకు సినిమా పేరు కన్నా బాగా నచ్చింది. పద్మవ్యూహంలోకి వెళ్ళడం అభిమన్యుడికి తెలుసు, బయటికి రావడం తెలియదు. మన పిల్లలకి కూడా తెలిసిన కథే. ఐతే ఈ అభిమన్యుడి విషయంలో ఒక మార్పుంది. ఇతన్ని వ్యూహం లోపల బంధించలేదు, పద్ధతి ప్రకారం బయటికి పంపించారు. పని లోపల ఉండిపోయింది.

మూడో పేచీ ముగింపుతో. ఇక్కడ నేను మన గురించి కూడా మాట్లాడాలి. విదేశం వెళ్తే సరిపోతుంది అన్నట్టుగా ఉంది ఆ ముగింపు. సరిపోతుందో లేదో చెప్పడానికి మనకొక సాక్షి ఉన్నాడు. మన సభల్లో ఆయన ఫోటోకి దండ వెయ్యడం మనకి బాగా అలవాటే.

భీమవరంలో 1895లో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు 1920లలో బోస్టన్ వచ్చి, హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కే దగ్గర చేరాడు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ని కొలిచే ‘ఫిస్కే-సుబ్బారావు పద్ధతి’ని 1925లో ప్రకటించారు. కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ని, ఆ తరువాత ఏటీపీని కనుక్కున్నారు. ఇవి పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కిన సంగతులు. అంత పని చేసినా అక్కడ స్థిరమైన పదవి దొరకలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ మందుల కంపెనీకి వెళ్ళిపోయాడు.

మన సభల్లో ఈ కథ ఇక్కడ మలుపు తిరిగి సంతోషంగా సాగుతుంది. లెడర్లీలో ఆయన నాయకత్వాన ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు, ఆరియోమైసిన్ వచ్చింది, బోదకాలుకి మందు వచ్చింది, పిల్లల ల్యుకీమియాకి సిడ్నీ ఫార్బర్ వాడిన అమినాప్టెరిన్ వచ్చింది. 1948లో పోయేనాటికి ఎనిమిదేళ్ళలో ఆయన బృందం చేసిన పని ఒక జీవితానికి చాలదనిపిస్తుంది. అంటే ఉద్యోగం మారడమే మేలయింది కదా అనవచ్చు. మనిషికి మేలయింది. మరి హార్వర్డులో వదిలి వెళ్ళిన పనికో?

ఆ సంగతి చెప్పినవాడు జార్జ్ హిచింగ్స్. ఆయన కూడా అదే ప్రయోగశాలలో పనిచేశాడు, 1988లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఆయన చెప్పినదాని సారాంశం ఇది. సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడులని చాలా ఏళ్ళ తరువాత వేరేవాళ్ళు మళ్ళీ మొదటినుంచి కనుక్కోవలసి వచ్చింది, ఎందుకంటే ఫిస్కే, అసూయ వల్ల కాబోలు, వాటిని వెలుగు చూడనివ్వలేదు. అసూయ మాట హిచింగ్స్ అభిప్రాయం. నాకు ముఖ్యమైనది ఆ మొదటి భాగం: మళ్ళీ మొదటినుంచి.

ముఖోపాధ్యాయ విషయంలో జరిగిందీ అదే. మన దేశంలో శాస్త్రీయంగా పూర్తి వివరాలతో నమోదైన మొదటి టెస్ట్‌ట్యూబ్ బేబీ హర్ష 1986 ఆగస్టు 6న బొంబాయిలో పుట్టింది. మధ్యలో దాదాపు ఎనిమిదేళ్ళు. గడ్డకట్టించిన పిండం నుంచి బిడ్డ పుట్టిందని ఆస్ట్రేలియాలో చెప్పింది 1984లో. ఈ ఎనిమిదేళ్ళలో మన దేశంలో ఎన్ని జంటలు ఆశ వదులుకుని ఉంటాయి! ఆ నష్టం ఒక డాక్టరుది మాత్రమే కాదు. సినిమా పేరులో చనిపోయింది డాక్టరు. ఆ పేరులో ఆ పనికి కూడా చోటుండాలి.

కలకత్తాలో సర్కారు, బోస్టన్‌లో విశ్వవిద్యాలయం. ఎర్ర టేపు మన దేశపు పేటెంటు అని నవ్వుకునే అలవాటు మనకుంది. ఇప్పుడు మా చెల్లెలు సంగతికి వస్తాను, ఎందుకంటే ఆ రాత్రి ఆమె అడిగిన ప్రశ్న సినిమా గురించి మాత్రమే కాదు.

ఆమె ఎనిమిదేళ్ళు ఇక్కడే ఒక విశ్వవిద్యాలయంలో పిల్లల ఉబ్బసం మీద పనిచేసింది. పేరు అనవసరం. భర్త ఉద్యోగం వేరే రాష్ట్రానికి మారడంతో, అక్కడి విశ్వవిద్యాలయంలో ఇంతకన్నా మంచి పదవి దొరికితే చేరింది. ఎవరూ ఆమెని తరమలేదు, కేక్ కోసి సాగనంపారు. తీరా వెళ్ళాక ఒక్కొక్కటీ తెలిసింది. గ్రాంటు ఆమె రాసి తెచ్చుకున్నదే అయినా, ప్రభుత్వం దాన్ని ఇచ్చేది సంస్థకి, మనిషికి కాదు. పాత సంస్థ వదులుకుంటున్నట్టు సంతకం పెడితేనే కొత్త చోటికి వెళ్తుంది. ఆ సంతకానికి ఐదు నెలలు పట్టింది. పిల్లల రక్తపు నమూనాలు కదిలించాలంటే రెండు విశ్వవిద్యాలయాల లాయర్లు ఒప్పందం రాసుకోవాలి, కొత్త చోట నైతిక సంఘం మళ్ళీ మొదటినుంచి అనుమతి ఇవ్వాలి. దానికి పద్నాలుగు నెలలు. చివరికి డ్రై ఐస్‌లో పెట్టెలు వచ్చాయి. ట్యూబుల మీద పేర్లుండవు, ఉండకూడదు కూడా. అంకెలే ఉంటాయి. ఏ అంకె ఏ పిల్లవాడిది, ఏ నెలలో తీసింది, అప్పుడు వాడు ఏ మందులో ఉన్నాడు అన్నది ఆమె చేత్తో రాసుకున్న ఏడు నోటుబుక్కుల్లో ఉంది. నోటుబుక్కులు విశ్వవిద్యాలయపు ఆస్తి. రావు.

“ఫ్రీజరు నిండా ఉన్నాయన్నయ్యా. అవి ఎవరివో నాకే తెలియదు” అంది.

ఆ ఈమెయిళ్ళన్నీ నాకు చూపించింది. ఒక్కదాంట్లోనూ కటువైన మాట లేదు. ప్రతిదీ “మీ సహనానికి కృతజ్ఞతలు” అనే ముగుస్తుంది. ఇది మా విభాగం పని కాదు, ఫలానావారిని అడగండి అని ఒకరు. ఫలానావారు పదవీ విరమణ చేశారు, కొత్తవారు వచ్చాక చూద్దాం అని ఇంకొకరు. సినిమాలో లాగా తిట్టుకోవడానికైనా ఒక ముఖం ఉంటే బాగుండేది.

విశ్వవిద్యాలయం పక్షాన చెప్పవలసింది కూడా ఉంది. అసలు నోటుబుక్కులు సంస్థ దగ్గరే ఉండాలి. రేపెవరైనా ఈ ఫలితాలు తప్పుడువి అంటే చూపించడానికి రికార్డు కావాలి. పిల్లల వివరాలు ఎవరి చేతిలో పడితే వాళ్ళ చేతిలో పడకూడదు. ఒక్కొక్క నిబంధనా ఎప్పుడో ఒక మోసం జరిగాక పుట్టినదే. నేను అవన్నీ ఒప్పుకుంటాను. కానీ రాసిన మనిషికి తాను రాసినదాని నకలు ఇవ్వడానికి రెండేళ్ళు ఎందుకు పట్టాలి? నిబంధనలు పనిని కాపాడటానికి పుట్టాయి. కొంతకాలానికి వాటికి తమని తాము కాపాడుకోవడమే పనవుతుంది. ఆ ఆఫీసుల్లో ప్రతివారికీ ‘కాదు’ అనే అధికారం ఉంది. ‘సరే’ అనే బాధ్యత ఎవరి ఉద్యోగ వివరణలోనూ లేదు.

సినిమాలో లేనిది, నిజజీవితంలో ఉన్నది ఇంకొకటి చెప్పాలి. దాని గురించి చెప్పడానికే ఈ వ్యాసం రాయాలనిపించింది.

బొంబాయిలో 1986లో హర్ష పుట్టుక వెనుక ఉన్న శాస్త్రజ్ఞుల్లో టి.సి. ఆనంద్ కుమార్ ఒకరు. భారతదేశపు మొదటి టెస్ట్‌ట్యూబ్ బేబీ ఘనత ఆయనది. పదకొండేళ్ళు ఆ పేరు ఆయనకి ఉంది. 1997లో ఆయన కలకత్తా వెళ్ళినప్పుడు ముఖోపాధ్యాయ చేత్తో రాసిపెట్టిన కాగితాలు ఆయన చేతికొచ్చాయి. చదివాడు. ఆ మనిషి చెప్పినది చేశాడని నమ్మకం కుదిరింది. అదే ఏడాది ‘కరెంట్ సైన్స్’ పత్రికలో వ్యాసం రాసి, మొదటివాడు సుభాష్ ముఖోపాధ్యాయ అని ప్రకటించాడు. అంటే తాను రెండోవాణ్ణని తానే చెప్పాడు. ఎవరూ అడగలేదు. చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. ఆనంద్ కుమార్ 2010లో కన్నుమూశారు.

విచారణ సంఘం మనిషిని పిలిచి అడిగి కూడా నమ్మలేదు. పదహారేళ్ళ కిందట పోయిన మనిషి రాతని ఈయన చదివి నమ్మాడు. ఆ కాగితాలు ఎవరో ఒకరు దాచిపెట్టబట్టి, చదవడం తెలిసిన ఒక నిజాయితీపరుడి చేతికి చేరబట్టి ఇది సాధ్యమైంది. రెండిట్లో ఏది లేకపోయినా ముఖోపాధ్యాయ ఈనాటికీ అబద్ధాలకోరుగానే మిగిలేవాడు. సినిమా 1990లో వచ్చింది కనుక సిన్హాకి ఈ సంగతి తెలిసే అవకాశం లేదు. దాన్ని తప్పుగా ఎత్తి చూపడం లేదు. కానీ ఇప్పుడు ఆ సినిమా చూసేవాళ్ళు చివరి సన్నివేశంతో లేచిపోకుండా ఈ మిగతా కథ కూడా కలుపుకుని చూడాలి. ఆ కథలో దారి చూపించింది విమానం టికెట్టు కాదు, ఒక నోటుబుక్కు, దాన్ని చదివిన తరువాతి మనిషి.

తరువాతి మనిషి అన్నాను కనుక నా సంగతి కూడా చెప్పుకోవాలి. చాలా ఏళ్ళ కిందట, నేను చేరిన ఒక కంపెనీలో, నా కన్నా ముందు పనిచేసి వెళ్ళిపోయిన ఒకతని ప్రోగ్రాము నాకు అప్పగించారు. సగంలో ఉన్న పని. మంచి పని. అతను రాసుకున్న డిజైను కాగితాలు లేకపోతే నాకు ఆరునెలలు పట్టేది. అది పూర్తయ్యాక ఫైళ్ళ పైన ఉండే అతని పేరు, కంపెనీ పద్ధతి ప్రకారం, ఒక్క కమాండుతో పోయింది. ఆ కమాండు కొట్టింది నేనే. ఒకసారి అతను ఈమెయిల్ రాశాడు, తను అక్కడ చేసిన పని గురించి కొత్తచోట రెండు వాక్యాలు చెప్పుకోవాలి, నిర్ధారిస్తూ ఒక ముక్క రాయగలవా అని. నేను దాన్ని మానవవనరుల శాఖకి పంపించి, “సరైనవారికి పంపాను” అని జవాబు రాశాను. మీ సహనానికి కృతజ్ఞతలు అని కూడా రాశానేమో. నాకు అతని మీద అసూయ లేదు, పగ లేదు. మీటింగుంది.

అందుకే ఈ మధ్య ఆ సినిమాలోని చెడ్డ డాక్టర్లని చూస్తే నాకు పూర్వంలా కోపం రావడం లేదు. హాస్టల్ గదిలో కూర్చున్న కుర్రవాడు తనని తాను దీపాంకర్ రాయ్ అనుకున్నాడు. మన తరంలో చాలామందిమి అలాగే అనుకుని విమానమెక్కాం. ఇప్పుడు మనలో కొందరు విభాగాధిపతులు, కొందరు మేనేజర్లు, కొందరు కమిటీల్లో సభ్యులు. సంతకం పెట్టవలసిన కాగితాలు మన బల్లల మీదికి వస్తున్నాయి. దీపాంకర్‌లు బయలుదేరి వెళ్ళిపోయాక మిగిలిన ఖాళీ కుర్చీల్లో చాలాసార్లు మనమే కూర్చుంటున్నాం. మన పిల్లల్లో పరిశోధన వైపు వెళ్తున్నవాళ్ళు కూడా ఎందరో ఉన్నారు. వాళ్ళకి ఒక మాట చెప్పమంటే, రోజూ రాసుకోండి, మీరు లేనప్పుడు వేరొకరికి అర్థమయ్యేట్టు రాసుకోండి, చేరేటప్పుడే నకలు సంగతి అడిగి కాగితం మీద పెట్టించుకోండి అంటాను. పెద్దవాళ్ళకి చెప్పవలసినది ఇంకా చిన్నది: మీ చేతికి వచ్చిన పనిలో ముందువాడి పేరు చెరపకండి.

మా చెల్లెలు కథలో కూడా ఒక ఆనంద్ కుమార్ చిన్నపాటివాడు దొరికాడు. ఆమె ఖాళీ చేసిన గదిలోకి వచ్చిన కుర్ర ప్రొఫెసరు. అరలు సర్దుకుంటుంటే నోటుబుక్కులు కనపడి, అందులోని చేతిరాత ఎవరిదని ఆరా తీసి, తనంతట తానే ఉత్తరం రాశాడు. నకలుకి తన పూచీ మీద దరఖాస్తు పెట్టి, ఆఫీసు చుట్టూ తిరిగి, అనుమతి సంపాదించి పంపించాడు. అతనికి అందులో పైసా లాభం లేదు. అతని గదిలో దొరికినవి మూడు. మిగిలిన నాలుగు ఏ గోడౌనులో ఉన్నాయో ఇంకా తెలియలేదు. ఆ మూడింటి సాయంతో ఫ్రీజరులో సగానికి తక్కువ ట్యూబులకి అర్థం వచ్చింది. మిగతావి అలాగే ఉన్నాయి. పారెయ్యడానికి ఆమెకి చేతులు రావడం లేదు.

ఈ వ్యాసం మొదలుపెట్టాక నేను ఆ పాత సహోద్యోగి చిరునామా వెతికి పట్టుకుని, అప్పుడు రాయవలసిన రెండు వాక్యాలూ ఇప్పుడు రాసి పంపించాను. అతను వేరే రంగంలోకి వెళ్ళి చాలా కాలమయిందట, ఇప్పుడు వాటి అవసరం లేదట. “ఐనా ఉంచుకుంటాను” అని జవాబు రాశాడు.